ముద్ర లేని జంట పిస్తోళ్లు

యూలియన్ ప్రెష్ గసగసాల రొట్టె కొనుక్కుని వస్తుంటే కాల్చేశారు.

అమెరికాలో, ఈరీ సరస్సు ఒడ్డున, పోర్ట్ హార్లన్ అనే మా చిన్న ఊళ్లో, నవంబర్ నెలలో, పట్టపగలు, హోటల్ వెనక కార్లు ఆపుకునే చోట. రెండు గుళ్లు. మొదటిది వీపులో దిగింది. రెండోది అతను పడిపోయాక, తీరిగ్గా. రొట్టె పొట్లం తడవకుండా కోటు కింద ఉండిపోయింది. పక్కన తడి ఆకుల మీద ఒక పిస్తోలు ఉంది. పారేసి పారిపోయినట్టు లేదు. చూసుకోండి అని పెట్టి వెళ్లినట్టుంది.

ప్రెష్ పెద్ద హోదా ఉన్నవాడేం కాదు. మొరాన్యా దేశం తరఫున సంధి చర్చలకి రెండు నెలల కిందట వచ్చిన డాక్టర్ ఒండ్రేయ్ సబోకి సెక్రటరీ. ఆ రొట్టె కూడా ముసలాయన కోసమే. ఆయనకి హోటల్ రొట్టె గొంతు దిగడం లేదు.

మొరాన్యా, సెల్గోరియా ఒకప్పుడు ఒకే దేశం. విడిపోయాక మూడేళ్లు కొట్టుకున్నాయి. ఊళ్లకి ఊళ్లు పూడ్చుకున్నాయి. ఒళ్లు హూనమయ్యాక, ఎక్కడైనా దూరంగా కూర్చుని మాట్లాడుకుందాం అనుకున్నాయి. చర్చలకి మా ఊరిని ఎంచుకోవడానికి కారణం ఒకటే. ఇక్కడ చూడ్డానికి ఏమీ లేదు.

హోటల్ బట్టలుతికే గదిని మేజర్ హెస్టర్ క్విగ్లీ ఆఫీసుగా మార్చేసింది. గూఢచారుల్ని పట్టే కౌంటర్ ఇంటెలిజెన్స్‌లో ఆమె పేరు చెబితే కుర్రాళ్లు చొక్కా గుండీలు సరిచూసుకుంటారు. ఆమె ఎదురుగా ఏజెంట్ లోవెల్ టాకెట్ కూర్చున్నాడు. యాభై దాటిన భారీ మనిషి. సైన్యంలో ఆయుధాల మరమ్మతు చేసి చేసి కుడిచెవి సగం పోగొట్టుకున్నవాడు. పాత తుపాకుల మీద ఏ గీత ఎందుకుందో చెప్పమంటే డిపార్ట్‌మెంట్ మొత్తం ఇతని వైపే చూస్తుంది.

"కాఫీ బాగాలేదు, ముందే చెబుతున్నా" అంది హెస్టర్.

"మీ కాఫీ ఎప్పుడు బాగుంది మేడమ్?"

ఆమె పిస్తోలు ముందుకి తోసింది. వేలిముద్రలు వెతకడం అప్పటికే అయిపోయింది. ఏమీ దొరకలేదు. "చెప్పు."

"టోకరెవ్ అనే పాత రష్యన్ పిస్తోలు తరహా. ఆ రెండు దేశాలూ ఒకటిగా ఉన్నప్పుడు వాళ్ల సైన్యానికి చేసింది. నంబరు వరస చూస్తే నాలుగో ఆయుధ డిపోది. ఆ డిపో ఇప్పుడు సెల్గోరియాలో ఉంది."

"నాలుగో డిపోలో మిగిలిన సరుకు సర్‌ప్లస్ కింద మన దేశానికి పెట్టెలకి పెట్టెలు వచ్చింది కదయ్యా. మా బావగారి దగ్గరే ఒకటుంది."

"వచ్చింది. కానీ వచ్చిన ప్రతిదాని మీదా తెప్పించిన కంపెనీ పేరు, ఊరు, తయారైన దేశం చెక్కాలి. చట్టం. మీ బావగారి దాని మీద కూడా ఉంటుంది, చూడండి. దీని మీద లేదు."

"అంటే ఇది మన బజార్లో కొన్నది కాదు. సెల్గోరియా డిపోలోంచి తిన్నగా వచ్చింది."

"అలా కనిపిస్తోంది" అన్నాడు లోవెల్.

"కనిపించడం ఏమిటి, అంతే కదా!"

ఆ మాట అన్నది గుమ్మంలో నిలబడిన స్త్రీ. తెల్ల కోటు, ఆకుపచ్చ తోలు గ్లవ్స్, ఆమె రాగానే సబ్బు వాసన మీద సెంటు వాసన గెలిచింది. లివియా మార్కెష్. మొరాన్యా బృందానికి సెక్యూరిటీ ఆఫీసర్. హోటల్ వెయిటర్లు ఆమె టేబుల్‌కి నీళ్లు పొయ్యడానికి వంతులు వేసుకుంటున్నారని వినికిడి.

ఆమె లోపలికి వచ్చి పిస్తోలు అందుకుంది. గుళ్లు లేవని చూసుకుంది. పిస్తోలు పైన జరిగే భాగాన్ని, స్లయిడ్‌ని, ముందుకి వదిలింది. ఆ పట్టులో తడబాటు లేదు. ఆమె బొటనవేలు పిస్తోలు ఎడమ పక్కన కిందికి జారింది, ఒక్క క్షణం దేనికోసమో తడిమింది, మళ్లీ వెనక్కి వచ్చింది. "ఇలాంటిదే మోసుకుంటూ నేను రెండేళ్లు సరిహద్దులో తిరిగాను. ఇది మా పొరుగువాళ్లది. ఇంకా ఏం కావాలి మీకు?"

లోవెల్ ఆ బొటనవేలు చూశాడు. ఏదో తేడాగా అనిపించింది. ఎందుకో తెలియలేదు.

ఆమె వెనకే డాక్టర్ సబో వచ్చాడు. చేతిలో రొట్టె పొట్లం ఉంది. పోలీసులు ఇచ్చేసినట్టున్నారు. తినలేక, పారెయ్యలేక పట్టుకుని తిరుగుతున్నాడు.

"ఆదివారం ఇక్కడున్న మా దేశంవాళ్ల హాల్లో మాట్లాడతానని మాటిచ్చాను" అన్నాడు. "అప్పటికి నాకు ఒక్కటే చెప్పు బాబూ. మా యూలియన్‌ని చంపింది వాళ్లేనా? వాళ్లే అయితే ఆ మాట అక్కడే చెప్పేసి విమానం ఎక్కుతాను. నేను ఎక్కానంటే మర్నాడే ఫిరంగులు మొదలవుతాయి. నాకు మనవలున్నారు. అయినా ఎక్కుతాను."

అందరూ వెళ్లాక లోవెల్ పిస్తోలుతో ఒంటరిగా కూర్చున్నాడు. లాబ్‌వాళ్లు కలంలో అమర్చి ఇచ్చిన భూతద్దం తీశాడు. ఫ్రేమ్ మీద నంబరు, స్లయిడ్ మీద నంబరు, గొట్టం మీద నంబరు. మూడూ ఒకటే. అంకెలన్నీ పెళ్లికార్డు మీద అచ్చేసినట్టు తీరుగా ఉన్నాయి.

అదే అతనికి నచ్చలేదు. ఆ డిపోలో పనిచేసేవాళ్లకి అందం పట్టదు. ఒక పిస్తోలు గొట్టం ఇంకోదానికి వేస్తే పాత నంబరు మీద అడ్డంగా ఒక గీత కొట్టి, కింద కొత్తది వంకరటింకరగా కొట్టి పంపేస్తారు. ఆ కొట్టివేతలు లేని నాలుగో డిపో పిస్తోలు లోవెల్ ఇంతవరకు చూడలేదు. కొట్టివేతలుంటే ముఖం చిట్లించేది మా దేశంలో సేకరణదారులే. అన్ని నంబర్లూ కలవాలి, దిగుమతి ముద్ర ఉండకూడదు, అప్పుడే వాళ్లకి ముద్దు.

భూతద్దం కింద ఎడమ పక్కన నలుపు రంగు వెంట్రుకవాసి తేడాగా ఉంది. ఎవరో అరగదీసి, నునుపు చేసి, మళ్లీ రంగు పట్టించారు. మామూలు కంటికి అందని పని. చుట్టుపక్కల మూడు రాష్ట్రాల్లో అంత శుభ్రంగా చెయ్యగలిగిన చెయ్యి ఒక్కటే ఉంది.

వర్నన్ స్టిడమ్.

సైన్యంలో లోవెల్ పక్క బల్ల వర్నన్‌దే. లోవెల్ భార్య పోయిన ఏడాది ప్రతి ఆదివారం తలుపు కొట్టకుండా లోపలికి వచ్చి, అట్లు పోసి, తినే దాకా ఎదురుగా కూర్చుని తిట్టిన మనిషి. లోవెల్ ఆ పేరు హెస్టర్‌కి చెప్పలేదు. చెప్పాలి. ఉద్యోగధర్మం అదే. నోరు రాలేదు.

"రేపు ఫెయిర్‌గ్రౌండ్‌లో గన్ షో ఉంది మేడమ్, తిరిగొస్తాను" అన్నాడు, అంతే.

"మారువేషంలో వెళ్లు. ఇది పెట్టుకో." ఆమె చెవిలో పెట్టుకునే చిన్న యంత్రం ఇచ్చింది. "నా మాట నీకు వినిపిస్తుంది."

"నా మాట మీకు?"

"వినిపించదు. బడ్జెట్ అంతే."

*

శనివారం పొద్దున లోవెల్ తెల్లమీసం అంటించుకుని, జేబుల కోటు తొడుక్కుని, తన సొంత పాత పిస్తోలు ఒకటి పట్టుకుని బయల్దేరాడు. దాని గొట్టంలో సన్నటి కర్ర గుచ్చి, కర్రకి కాగితం జెండా కట్టాడు. అమ్మకానికి తిరుగుతున్నవాడి గుర్తు అది. అలా కర్ర గుచ్చుకుని తిరిగే ముసలాడిని గన్ షో అనే ఆ తుపాకుల సంతలో ఎవరూ అనుమానించరు. మీద పడి బేరం మాత్రం ఆడతారు.

పశువుల ప్రదర్శన కోసం కట్టిన షెడ్డు అది. ఆవుల వాసన ఇంకా పోలేదు, దానిమీద తుపాకి నూనె వాసన, చిల్లీ అనే మాంసం కూర వాసన. బారులు తీరిన బల్లలు. ప్రతి పిస్తోలుకీ ప్లాస్టిక్ పట్టీ బిగించి ఉంది. అడక్కుండా చెయ్యి వేస్తే ఎంతటివాడికైనా తిట్లు తప్పవు. తనూ వస్తానని పట్టుబట్టి వెంట వచ్చిన లివియా గేటు దగ్గరే ఆగి, ఫోన్ చేసుకుని వస్తానంది.

వర్నన్ బల్ల మూలన ఉంది. బక్కపల్చటి మనిషి, ముక్కు చివర కళ్లద్దాలు. లోవెల్ ఇంకా పది బల్లల అవతల ఉండగానే అరిచాడు.

"ఒరేయ్ లోవెల్! ఆ మీసం ఏంట్రా, ఉడత చచ్చి అంటుకుందా?"

"గట్టిగా అరవకు."

"ఇన్నేళ్లుగా నా డోనట్లు తింటున్నావు, నీ నడక నాకు తెలీదూ? ఎవత్తె వెంటైనా పడుతున్నావా ఏంటి ఈ వయసులో?"

లోవెల్ నవ్వలేదు. బల్ల మీదకి వంగి నెమ్మదిగా అడిగాడు. "తాతగారి ట్రంకుపెట్టె సరుకు ఏమైనా ఉందా?"

గన్ షోల్లో అది సంకేతం. యుద్ధం నుంచి తాతగారు తెచ్చుకున్న పిస్తోలు దిగుమతి కిందికి రాదు, దాని మీద ముద్ర ఉండదు. నిజం తాతలు తక్కువ, గిరాకీ ఎక్కువ. అందుకని కొందరు ముద్రలు అరగదీసి తాతల్ని పుట్టిస్తారు. ఆ మాట అడిగేవాడికీ, చెప్పేవాడికీ సంగతి తెలుసు.

వర్నన్ చేతిలో డోనట్ ఆగిపోయింది. "నువ్వు ఎప్పుడూ అడగలేదే ఆ మాట."

"ఇప్పుడు అడుగుతున్నా. టోకరెవ్. నాలుగో డిపో."

"అమ్మేశా." కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి. "ఎందుకురా?"

లోవెల్ జేబులోంచి ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు. తడి ఆకులు, కోటు, కోటు కింద పొట్లం, పక్కన పిస్తోలు. వర్నన్ శవాన్ని చూడకముందు పిస్తోలునే చూశాడు. తను చేసిన పని ఎవరైనా గుర్తుపడతారు. తర్వాత శవాన్ని చూశాడు. కింద కూర్చుండిపోయాడు.

"నేను... ఒరేయ్, పాత తుపాకులు పోగేసే పిచ్చోళ్లనుకున్నాను రా. ఒట్టు."

"గీతలు ఎందుకు తీశావు? స్లయిడ్ మీదా గొట్టం మీదా కొట్టివేతలు ఉండే ఉంటాయి."

"వాళ్లు అడగలేదు. ముద్రా, పక్కనుండే సేఫ్టీ లివరూ తియ్యమన్నారంతే. నంబర్లు నేనే..." వర్నన్ ఫోటోని బోర్లా తిప్పాడు. "కలవకపోతే నాకు పళ్లు సలుపుతాయిరా. నీకు తెలుసుగా. అలా వంకరగా వదిలెయ్యబుద్ధి కాలేదు."

"ఆ దేశం మొత్తం మీద అంత అందమైన పిస్తోలు ఒక్కటి లేదు వర్నన్. అందుకే నీ దగ్గరికొచ్చాను." లోవెల్‌కి కోపం రావాలి, వస్తోంది కూడా, కానీ దానికంటే ముందు ఏడుపు వస్తోంది. "ఎవరు కొన్నారు?"

"ఇద్దరు మగాళ్లు. ఏదో విదేశీ యాస. కారులో ఒకావిడ కూర్చునేది, ముఖం చూపించలేదు. వరస నంబర్ల జంట కావాలన్నారు. నా దగ్గర ఉంది."

"జంటా?"

"జంటే కదా ఎక్కువ ధర పలికేది. రెండు పిస్తోళ్లు. దీని నంబరుకి పక్క నంబరు ఇంకోటి."

లోవెల్ కళ్లు మూసుకున్నాడు. రెండో పిస్తోలు ఇంకా ఎవరి చేతిలోనో ఉంది. అది ఎవరి కోసమో అడగక్కర్లేదు.

"వాళ్లు తుపాకి పట్టడం రానివాళ్లేం కాదు" అన్నాడు వర్నన్. "జంట తయారయ్యేలోపు నా పొలం వెనక గుంటలో నెల రోజులు కాల్చుకున్నారు. ఆవిడే ఎక్కువ. నేను దూరం నుంచే చూశా. అందుకు మామూలు దిగుమతి పిస్తోళ్లు ఇచ్చాను, ముద్రా లివరూ ఉన్నవి. అసలు ఆర్మీ పిస్తోలుకి సేఫ్టీ లివర్ ఉండదు కదా. మన చట్టం కోసం కంపెనీలు ఎడం పక్కన కన్నం వేసి తగిలిస్తాయి. జంట ఇచ్చేటప్పుడు చెప్పా వాళ్లకి. అయ్యా, వీటికి లివర్ తీసేశాను, నెల రోజుల అలవాటు ఊరికే పోదు, మీ బొటనవేలు వెతుక్కుంటుంది అని."

బొటనవేలు.

లోవెల్‌కి బట్టలుతికే గది గుర్తొచ్చింది. సరిహద్దులో రెండేళ్లు ఇలాంటిదే మోశానన్న మనిషి. ఆ సైన్యం పిస్తోలుకి ఎడమ పక్కన తడమడానికి ఏమీ లేదు. ఎప్పుడూ లేదు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు ఆ వేలు వెళ్లి లేని లివర్‌ని తడిమింది. తను చూస్తూ కూర్చున్నాడు.

గేటు వైపు తిరిగాడు. లివియా లేదు.

అప్పుడే చెవిలో హెస్టర్ గొంతు గరగరమంది. "టాకెట్, నువ్వు గన్ షోలో తేల్చేశావట, పిస్తోలు సెల్గోరియాదేనని. లివియా ఫోన్ చేసి సబోకి చెప్పింది. రేపటిదాకా ఆగనంటున్నాడు ముసలాయన. ఇవాళే, భోజనాల వేళకే హాల్లో ప్రకటిస్తాడట. నాకు చెప్పకుండా ఆవిడకి చెప్పడం ఏంటి? నేను హాలుకి బయల్దేరుతున్నా."

"మేడమ్!" అన్నాడు లోవెల్ గాలిలోకి. యంత్రం వినడానికే గాని చెప్పడానికి కాదు. షెడ్డు బయట ఫోన్ దగ్గరికి పరుగెత్తి హోటల్‌కి చేశాడు. మోగుతోంది, ఎత్తేవాళ్లు లేరు. పోలీస్ స్టేషన్‌కి చేశాడు. ఉన్న ఇద్దరు పోలీసులూ హాల్లోనే డ్యూటీలో ఉన్నారని చెప్పి గుమస్తా పెట్టేశాడు.

వర్నన్ వెనకే వచ్చి నిలబడ్డాడు. "నా ట్రక్కు గేటు దగ్గరే ఉంది."

"నువ్వు రాకు. వస్తే నువ్వు చేసింది నువ్వే చెప్పాలి. జైలు."

"తెలుసు."

"వెనక గేటు నుంచి వెళ్లిపోయినా నేను చూడలేదనుకుంటాను."

"అనుకోలేవులే" అన్నాడు వర్నన్. "నీ మొహానికి అబద్ధం చేతకాదు. ఎక్కు."

*

మొరాన్యా నుంచి మూడు తరాల కిందట ఉక్కు ఫ్యాక్టరీల్లో పనికి వచ్చినవాళ్లు కట్టుకున్న హాలు అది. శనివారం భోజనాలు. లోపల క్యాబేజీ, ఉల్లిపాయలు, పిరోగీలనే కుడుములు. పిల్లలు వేదిక ముందు నేల మీద కూర్చుని ఉన్నారు. గుమ్మం దగ్గర గాబ్రియెలా అనే ముసలామె గరిటె అడ్డం పెట్టింది.

"లైన్లో రండి."

"ఫెడరల్ ఏజెంట్‌ని!"

"ఆ మీసంతోనా? లైన్లో రా నాయనా. ఇక్కడ బిషప్ అయినా లైన్లోనే."

లోవెల్ మీసం పీకేశాడు. బ్యాడ్జీని వేషం కోసమని హోటల్లోనే వదిలేసి వచ్చాడు. లోపల చప్పట్లు మోగుతున్నాయి. సబో లేచినట్టున్నాడు. హెస్టర్ ఎక్కడో ఆ జనంలో ఉంది, వెతికే వ్యవధి లేదు.

"అమ్మమ్మా" అన్నాడు వర్నన్ ముందుకి వచ్చి, "వంటింట్లో నీ పెద్ద కుండ మాడిపోతోంది, వాసన రావట్లా?"

ఆమె తిట్టుకుంటూ వంటింట్లోకి పరుగెత్తింది. ఆమె వెనకే ఇద్దరూ. వంటిల్లు దాటితే సన్నటి నడవా. నడవా చివర వేదిక వెనకభాగం, నల్లటి తెర.

తెర అంచున తెల్లకోటు.

లివియా వాళ్లకి వీపు పెట్టి నిలబడి ఉంది. తెర సందులోంచి సబో నెరిసిన తల కనిపిస్తోంది. చెయ్యి చాచితే అందేటంత దగ్గర. ముసలాయన కాగితం విప్పుతున్నాడు. ఆమె ఆకుపచ్చ గ్లవ్ ఉన్న చేతిలో రెండో పిస్తోలు ఉంది. కాల్చి, అక్కడే పడేసి, అందరికంటే ముందు కేకలు వేసుకుంటూ వేదిక మీదకి తనే పరుగెత్తుతుంది. నిన్న పెట్టిన పిస్తోలుకి జోడీ దొరుకుతుంది. ఇక ప్రపంచం మొత్తం వచ్చి చెప్పినా మొరాన్యా నమ్మదు.

లోవెల్ కోటు లోపలున్న డ్యూటీ పిస్తోలు తీశాడు. తీసి ఆగిపోయాడు. ఇక్కణ్నుంచి కాలిస్తే గుండు ఆమెని దాటి, తెరని దాటి, నేల మీద కూర్చున్న పిల్లల మీదకి పోతుంది. పరుగెత్తాలి. మధ్యలో కుర్చీలు, పాత పియానో. కేక వేస్తే ఆమె చేతిని త్వరపెట్టినట్టే.

పరుగెత్తాడు.

పాదాల కింద చెక్క కిర్రుమంది. లివియా తిరిగి చూడలేదు. ఆరితేరిన మనిషి, పని ముందు అనుకున్నట్టుంది. చెయ్యి ఎత్తింది. గురి చూసింది. బొటనవేలు ఎడమ పక్కన కిందికి జారింది.

లివర్ లేదు.

ఒక్క లిప్త ఆమె చెయ్యి మొద్దుబారింది. నెల రోజులు ఆ వేలు నేర్చుకున్న పని అడ్డం వచ్చి నిలబడింది. వెనకనుంచి వర్నన్ గొంతు చించుకుని అరిచాడు.

"లేదమ్మా అక్కడ! నేనే తీసేశా!"

ఆమె ఉలిక్కిపడి తల తిప్పింది. లోవెల్ మొత్తం బరువుతో ఆమె చేతి మీద పడ్డాడు. గుండు పేలింది. వేదిక పైన దీపం ఒకటి పగిలి గాజుముక్కలు రాలాయి. పిల్లలు ఒక్కపెట్టున ఏడుపు అందుకున్నారు. ఆ ఏడుపు విన్నాక గాని లోవెల్‌కి ఊపిరి ఆడలేదు. ఏడుస్తున్నారంటే అందరూ ఉన్నారు.

హెస్టర్ తెర తోసుకుని వచ్చేసరికి లివియా నేల మీద ఉంది, చేతులకి బేడీలున్నాయి. జుట్టు చెదిరినా గొంతు చెదరలేదు.

"ఎక్కడ దొరికిపోయాను?"

"నిన్ననే. నా కళ్లముందే. నీ బొటనవేలు చెప్పింది, నాకే అర్థం కావడానికి ఒక రాత్రి పట్టింది." లోవెల్ రొప్పుతున్నాడు. "ఎలాగూ ఆయన విమానం ఎక్కేవాడు కదా. చంపడం ఎందుకు?"

"బతికున్న సబో మనసు మార్చుకోవచ్చు" అంది ఆమె. "చచ్చిన సబో మార్చుకోడు. రెండు వైపులకీ ఫిరంగులు అమ్మేవాళ్లకి నమ్మకమైన మనిషి కావాలి."

సబో తెర పక్కన నిలబడి అంతా విన్నాడు. కాగితం ఇంకా చేతిలోనే ఉంది. లివియా వైపు చూడలేకపోయాడు. ప్రెష్ పుట్టినరోజుకి ఆమె కేకు తినిపించి ఇంకా నెల కాలేదు.

"ఆమె మాట నేను నమ్మను" అన్నాడు చివరికి. "నీ మాట కూడా ఎందుకు నమ్మాలి? ఆ పిస్తోలు వాళ్ల డిపోలోంచి రాలేదని ఎవరు చెప్తారు?"

లోవెల్ వర్నన్ వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాడు.

"నేను చెప్తాను సార్" అన్నాడు వర్నన్.

జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీశాడు. గుళ్లు తీసేసి, లివియా చేతిలోంచి లాగిన పిస్తోలు పియానో మీద పెట్టి, పిడికి రెండు వైపులా ఉన్న పలకలు ఊడదీశాడు. హాల్లోని ముసలివాళ్లు కొందరు పైకెక్కి చుట్టూ మూగారు. లోపలి వైపు ఫ్రేమ్‌కి చొక్కా గుండీ అంత గుండ్రటి మచ్చ ఉంది. బయటినుంచి ఎంత చూసినా కనపడదు.

"ఇది లివర్ కోసం ఇక్కడి కంపెనీ వేసిన కన్నం. ఉక్కు ముక్కతో నేను పూడ్చాను. మీ సైన్యం పిస్తోలుకి ఈ కన్నమే ఉండదు. కావాలంటే మీవాళ్లనెవరినైనా అడగండి. దిగుమతి ముద్ర నేనే అరగదీశాను. ఈ రెండూ అమెరికాలో అమ్మినవి. అమ్మింది నేను." ఆగాడు. "మీ కుర్రాడి సంగతి నాకు తెలీదు సార్. తెలిస్తే... తెలీదు. అంతే."

సబో వేలు పెట్టి ఆ మచ్చని తడిమాడు. చాలాసేపు తడిమాడు. ఒకప్పుడు ఆ ఉమ్మడి దేశం సైన్యంలో పనిచేసి వచ్చిన ఒక ముసలాయన వంగి చూసి తల ఊపాడు. సబో చేతిలో కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. వర్నన్‌ని క్షమించాననలేదు. తిట్టనూ లేదు. వేదిక మీదకి వెళ్లి, యూలియన్ కోసం ప్రార్థన చేద్దాం, సోమవారం చర్చలకి మళ్లీ కూర్చుంటాను అన్నాడు.

*

స్టేషన్లో సాక్ష్యాల గదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకరి చేతులకి బేడీలు. అవి లోవెల్ వేసినవే. ఎవరైనా వేస్తే తనే వెయ్యాలని పట్టుబట్టాడు. మరీ బిగించకుండా చూసుకున్నాడు.

"ఆదివారం అట్లు నువ్వే పోసుకో ఇక" అన్నాడు వర్నన్.

"నాకు రావు."

"పిండి పల్చగా కలుపుతావు నువ్వు. అదే నీ తప్పు."

గుమస్తా వచ్చి బల్ల మీద రెండు పిస్తోళ్లు పెట్టాడు, పక్కనే కరెంటు పెన్సిల్ పెట్టాడు. ఉక్కు మీద అక్షరాలు చెక్కేది. సాక్ష్యంగా పట్టుకున్న తుపాకి మీద పట్టుకున్న ఆఫీసర్ తన పొడి అక్షరాలు చెక్కాలి. మా కౌంటీలో పాత పద్ధతి.

వర్నన్ ముఖం వాడిపోయింది. జైలు మాట విన్నప్పుడు కూడా అలా వాడలేదు. "ఒరేయ్... దారంతో చీటీ కట్టొచ్చు కదా. గీకడం ఎందుకు?"

"రూల్."

"పోనీ పలక కింద చెక్కు. కనపడని చోట. వరస జంట రా, ఇంకో జంట దొరకదు."

లోవెల్ పెన్సిల్ తీసుకున్నాడు. తడి ఆకులు గుర్తొచ్చాయి, తడవని పొట్లం గుర్తొచ్చింది. మొదటి పిస్తోలు ఎడమ పక్కకి తిప్పి, వర్నన్ అరగదీసి నునుపు చేసిన చోటే, ఒకప్పుడు దిగుమతి ముద్ర ఉన్నచోటే, పెద్ద అక్షరాలతో తన పేరూ, ఊరూ, తేదీ చెక్కాడు. రెండోదాని మీద కూడా చెక్కాడు. అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి, అచ్చం నాలుగో డిపోలోలాగే.

వర్నన్ కళ్లద్దాలు ముక్కు మీదకి జార్చుకుని చూశాడు.

"సగం ధర పోయింది" అన్నాడు.

"ఇప్పుడు సక్రమంగా దిగుమతి అయింది" అన్నాడు లోవెల్.